‘రీజన్’ అన్న ప్రతిచోటా ‘కారణం’ సరిపోదు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసేవారూ, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో దరఖాస్తులు రాసుకునే విద్యార్థులూ తరచుగా తడబడే మాటల్లో ‘రీజన్’ ఒకటి. నిఘంటువు తెరవగానే ‘కారణం’ కనిపిస్తుంది కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ మాట ఎక్కడ ఏ అర్థంలో వచ్చిందో తేల్చుకోవడానికి నేను తరగతిలో చెప్పే పద్ధతి ఒక్కటే. వాక్యాన్ని ‘ఎందుకు’ అనే ప్రశ్నగా మార్చి, ఆ ‘ఎందుకు’ స్థానంలో ‘ఎందువల్ల’, ‘ఎందుకోసం’, ‘ఏ ఆధారంతో’ అన్నవాటిని వరుసగా పెట్టి చూడాలి. ఏది అతికితే దాన్నిబట్టి తెలుగు మాట ఎంచుకోవాలి.

మన డెల్టా సంగతులతోనే చూద్దాం. 1986 ఆగస్టు వరదలో గోదావరి గట్లకు గండ్లు ఎందుకు పడ్డాయని అడిగితే ‘ఎందువల్ల’ ఒక్కటే అతుకుతుంది, ఎందుకంటే గట్టుకు ఉద్దేశం ఉండదు. ఇక్కడ ‘కారణం’ చక్కగా సరిపోతుంది. ఇంగ్లీషులోనూ ఇటువంటి చోట ‘కాజ్’ అనడమే మరింత నికరం. వేసవిలో కాలువలు ఎందుకు కట్టేస్తారంటే పూడిక తీయడానికీ, లాకులూ తూములూ బాగుచేయడానికీ. అది ‘ఎందుకోసం’ అన్నదానికి జవాబు, అంటే ఈ రీజన్ ఒక ఉద్దేశం. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) సాగు మానుకుని పంట విరామం ఎందుకు ప్రకటించారన్న ప్రశ్నకు మాత్రం రెండూ అతుకుతాయి: సాగు ఖర్చులు పెరిగి ధాన్యానికి గిట్టుబాటు ధర రాకపోవడం వల్ల, ఆ గోడు ప్రభుత్వానికి వినిపించడం కోసం. మనిషి ఆలోచించి చేసిన పనికి చెప్పే రీజన్‌లో ‘నేను చేసింది సబబే’ అన్న సమర్థన కూడా కలిసి ఉంటుంది. ఆ సమర్థన నమ్మదగినదిగా లేకపోతే దాన్ని తెలుగులో సాకు అంటాం.

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కొబ్బరితోట అవతల పొగ లేస్తుంటే అక్కడ నిప్పు ఉందంటాం. పొగ నిప్పుకు కారణం కాదు, నిజానికి నిప్పే పొగకు కారణం. అయినా నిప్పు ఉందని నమ్మడానికి మనకున్న రీజన్ పొగే. ఈ తేడాను మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఏనాడో పట్టుకుని, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాల వాదనలో పొగకు ‘హేతువు’ అని పేరు పెట్టింది. హేతువాదం, సహేతుకం అన్న మాటలకు మూలం ఈ హేతువే. కాబట్టి నమ్మకానికి ఆధారం చెప్పేచోట ‘కారణం’ రాయకండి, ‘హేతువు’ అనో ‘ఆధారం’ అనో రాయండి.

‘రీజనబుల్’ విషయంలో సందర్భమే నిర్ణయిస్తుంది. రాజ్యాంగం 19వ అధికరణలో స్వేచ్ఛలపై విధించదగిన పరిమితుల గురించి వచ్చినప్పుడు ‘సహేతుకమైన’ అనాలి. రావులపాలెంలో అరటి గెల బేరమాడేటప్పుడు అదే మాట వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘సరసమైన ధర’ అనాలి. ఇంత మంచి మాట చేతిలో ఉండగా ‘రీజనబుల్ రేటు’ అని రాసే ప్రకటనలు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

రీజన్‌కు మూలం లెక్క, గణన అనే అర్థమున్న లాటిన్ మాట ‘రేషియో’. మన ఇళ్లలో ఉండే రేషన్ కార్డులోని రేషన్ కూడా ఆ మూలం నుంచే వచ్చింది. మనిషిలోని ఆలోచనాశక్తిని రీజన్ అనడంలో లెక్క చూసుకునే ఆ పాత అర్థం ఇంకా మిగిలి ఉంది. ఈ అర్థంలో వచ్చినప్పుడు వివేకం, విచక్షణ, తర్కం అన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఇక ఇంగ్లీషులో రాసేవారికి ఒక మాట. ఈమధ్య ఒక డిగ్రీ విద్యార్థి తెచ్చిన సెలవు చీటీలో ‘ది రీజన్ ఈజ్ బికాజ్’ అని మొదలుపెట్టి, అక్క పెళ్లి సంగతి రాశాడు. ‘కారణం ఏమిటంటే, ఎందుకంటే’ అని మనం మాట్లాడే తీరే అందులోకి దిగింది. అర్థమైతే అవుతుంది గాని, రాతలో ‘బికాజ్’ తీసేసి ‘దట్’ పెట్టాలి, లేదా ‘రీజన్’ ఎత్తేసి ‘బికాజ్’ ఒక్కటీ ఉంచాలి. ‘రీజన్’ తరువాత సాధారణంగా ‘ఫర్’ రావాలి. ‘కాజ్’ తరువాతైతే ‘ఆఫ్’. ఆ కుర్రవాడు అక్కడే బల్లమీద చీటీ తిరగరాశాడు, నాలుగు వరుసలు రెండయ్యాయి.

జాతీయాల్లో ఈ మాటను విడిగా అనువదించకూడదు. ‘విత్ఇన్ రీజన్’ అంటే హద్దులో. ‘ఇట్ స్టాండ్స్ టు రీజన్’ అంటే అది సహజమే. ‘ఫర్ నో రీజన్’ అంటే ఉత్తినే. క్రియగా ‘రీజన్ విత్’ వస్తే ‘తర్కించు’ అని రాయవద్దు, అది వాదులాటలా వినిపిస్తుంది. దాళ్వాలో (రబీ పంటలో) నీటి వంతు దగ్గర ఇద్దరు రైతులు మాటామాటా అనుకుంటే, పెద్దమనిషి గట్టుమీద కూర్చోబెట్టి, ఇవాళ ఎవరి మడి ఎండుతోందో, రేపు ఎవరి వంతో వివరించి ఒప్పిస్తాడు. దానికి తెలుగు మాట నచ్చజెప్పడం.