ప్లాస్టిక్ విమానం ఫొటోలో నిజం విమానంలా కనిపించాలంటే ఎలా తీయాలి?

నెలల తరబడి కూర్చుని మిగ్-21 యుద్ధ విమానం ప్లాస్టిక్ కిట్ ముక్కలు అతికిస్తారు. రంగులు వేస్తారు, ఎయిర్‌ఫోర్స్ గుర్తులు అంటిస్తారు. తీరా ఫొటో మాత్రం డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పైనుంచి వంగి, ఫ్లాష్ వేసి తీస్తారు. అందులో విమానం బొమ్మలా కాక ఇంకెలా కనిపిస్తుంది? మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న మన వైమానిక దళం నుంచి సెలవు తీసుకున్నాయి. ఇక వాటిని రన్‌వే మీద తీసే అవకాశం లేదు. మీ దగ్గరున్న బొమ్మనైనా సరిగ్గా తీయండి.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. 1/72 మోడల్ (అసలు విమానంలో 72వ వంతు సైజు బొమ్మ), ఫోన్, 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్క, మేస్త్రీలు వాడే రసమట్టం, మెత్తటి బ్రష్. ప్లైవుడ్‌కి మ్యాట్ బూడిద రంగు వేసి, కాంక్రీట్ పలకల అతుకుల్లా పెన్సిల్‌తో సన్నగా గీతలు గీయండి. ఇసుక మాత్రం చల్లకండి. ఒక్క మిల్లీమీటరు రేణువు ఈ స్కేల్లో ఏడు సెంటీమీటర్ల రాయి అవుతుంది. అలాంటి రన్‌వే మీద ఏ పైలట్టూ దిగడు.

చోటు: ఎదురుగా కనీసం వంద మీటర్లు ఖాళీగా ఉండి, ఆ చివర చెట్లున్న మైదానం. ఊరి బయట వెంచర్లు వేసి వదిలేసిన ప్లాట్లు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. అసలు వాతావరణం కావాలని దుండిగల్, హకీంపేట వైపు వెళ్లి ఎయిర్‌ఫోర్స్ గోడ పక్కన కెమెరా పెట్టకండి. గార్డులకు మీ హాబీ గురించి చెప్పి ఒప్పించడం ఫొటో తీయడం కంటే కష్టం.

వేళ: ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర. సాయంత్రమైతే నాలుగున్నర దాటాక. సూర్యుడు మీ వెనక, కాస్త పక్కకి ఉండాలి. ఇంట్లో రెండు లైట్లు పెట్టి తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. విమానం కింద రెండు నీడలు పడతాయి. ఆకాశంలో ఇద్దరు సూర్యులు ఎక్కడైనా ఉన్నారా? ఇక వెనకాల ఆకాశం పోస్టర్ అంటించడం, కంప్యూటర్లో నేపథ్యం మార్చడం. పోస్టర్లో వెలుగు ఎడమ నుంచి, బొమ్మ మీద కుడి నుంచి వస్తుంటే ఎంత మంచి పోస్టర్ అయినా దండగే. బయట తీస్తే చెట్ల మీదా విమానం మీదా పడేది ఒకే ఎండ. అందుకే నా లెక్కలో ఇండోర్ ఫొటో ఫొటోయే కాదు.

ఇప్పుడు అసలు పని. నూటికి తొంభై మంది చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

1/72 అంటే ఆరడుగులకు ఒక అంగుళం. అంటే ఆ విమానం పక్కన నిలబడే మనిషి కన్ను నేలకి సుమారు 2.3 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ లెన్స్ కూడా బోర్డుకి సరిగ్గా అంతే ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్ల ఎత్తునుంచి తీశారంటే ఏడు మీటర్ల పైనుంచి, అంటే రెండో అంతస్తు కిటికీలోంచి చూసినట్టు. ఫోన్ కేస్ తీసేసి, ఫోన్‌ని తలకిందులు చేసి బోర్డు ముందు అంచు మీద నిలబెట్టండి. లెన్స్ కిందికి వస్తుంది. ఇంకా తక్కువైతే అడుగున రెండు అట్టముక్కలు పెట్టండి. స్కేలుతో కొలవండి, కంటి అంచనా వద్దు.

ఇంతటితో అయిపోలేదు. బోర్డుని నేల నుంచి ఎంత ఎత్తులో పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. స్టూలు మీద పెడితే సరిపోదు. లెన్స్ నిజం నేలకి కూడా మనిషి కంటి ఎత్తులో, అంటే సుమారు 165 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అప్పుడు లెక్క ఇలా కుదురుతుంది: బోర్డు అవతలి అంచు లెన్స్‌కి 90 సెంటీమీటర్ల దూరం, 72తో గుణిస్తే దాదాపు 65 మీటర్లు. ఆ అంచు మీదుగా చూసే చూపు నిజం నేలని తాకేది కూడా దాదాపు 65 మీటర్ల దగ్గరే. బొమ్మ నేల ఎక్కడ ఆగుతుందో అసలు నేల అక్కడే మొదలవుతుంది. మధ్యలో ఉన్న చెత్త, గుంతలు, మేస్తున్న గేదెలు అన్నీ బోర్డు చాటుకి పోతాయి. ఈ ఎత్తుకి నేను వాడేది కారు టాప్. కొద్ది సెంటీమీటర్లు తగ్గినా ఫరవాలేదు. కారు టాప్ వంపుగా ఉంటుంది కాబట్టి బోర్డు కింద మడతపెట్టిన తువ్వాళ్లు దోపండి.

ఆ తర్వాత రసమట్టం. బోర్డు పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూడండి. బోర్డు ఒక్క డిగ్రీ పైకి వంగిందా, అవతలి అంచు ఒకటిన్నర సెంటీమీటరు లేస్తుంది. మీ లెన్స్ ఉన్నదే 2.3 దగ్గర! చెట్ల మొదళ్లు మాయమై విమానం కొండ అంచున నిలబడినట్టుంటుంది. కిందికి వంగితే అంచు వెనక కారు డిక్కీ కనిపిస్తుంది. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. దిగంతం ఎప్పుడూ లెన్స్ ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి దూరపు నేలా ఆకాశమూ కలిసే గీత విమానాన్ని ముక్కు దగ్గరైనా తోక దగ్గరైనా బోర్డుకి అదే 2.3 సెంటీమీటర్ల ఎత్తులో కోయాలి. మిగ్-21 తోక కొస ఈ స్కేల్లో 5.7 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. గీత అక్కడ సగానికి కాస్త కిందుగా పోతుంటే మట్టం కుదిరినట్టే. తోక కొసకి పైన పోతుంటే షట్టర్ నొక్కకండి, మళ్లీ మొదటి నుంచి కొలవండి.

అవతలి అంచు గీత తెలియకుండా ఆ మైదానంలోని మట్టినే పలుచటి గుడ్డలో జల్లించి అంచు వెంబడి సన్నగా పరవండి. బయట కొన్న రంగు పొడులు ఎందుకో ఎప్పుడూ అక్కడి నేల రంగుకి కలవవు.

విమానాన్ని లెన్స్‌కి అరమీటరు దూరంలో ఉంచి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. పదిహేను సెంటీమీటర్లకి వెళ్తే ముక్కు ఉబ్బి, రెక్కలు కుంచించుకుపోతాయి. కొన్ని ఫోన్లు దగ్గరికి రాగానే వాటంతటవే మాక్రోకి (అతి దగ్గరి వస్తువుల్ని తీసే మోడ్) మారతాయి, దాన్ని ఆపేయండి. పోర్ట్రెయిట్ మోడ్ అసలే వద్దు. నిజం విమానాన్ని దూరం నుంచి తీస్తే వెనక చెట్లు అంతలా మసకబారవు. ఆ మసకే బొమ్మ అని పట్టిచ్చేస్తుంది. ఫోన్ కదపకుండా విమానం మీద ఫోకస్ చేసి ఒకటి, చెట్ల మీద చేసి ఒకటి తీసి తర్వాత కలుపుకోండి. కెమెరా వాడేవాళ్లు ఎఫ్/16 పెట్టండి, అంటే లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేయండి. లెన్స్ గొట్టం లావు వల్ల దాని మధ్యభాగం 2.3 దాకా దిగదు కాబట్టి, కెమెరాని బోర్డు మీద కాకుండా దాని అంచుకి ఇవతల ట్రైపాడ్ మీద పెట్టాలి.

షట్టర్‌కి టైమర్ పెట్టండి. నొక్కే ముందు మూడు చక్రాలూ నేలకి ఆనాయో లేదో చూడండి. ఒక చక్రం వెంట్రుకవాసి లేచినా దాని కింద వెలుతురు కనిపిస్తుంది. బ్రష్‌తో రెక్కల మీది దుమ్ము తీయండి. అర మిల్లీమీటరు నూలుపోగు ఈ స్కేల్లో మూడున్నర సెంటీమీటర్ల మోకు.

గాలి మొదలైతే ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకోకుండా ముందు విమానాన్ని డబ్బాలో పెట్టేయండి. కారు టాప్ మీద నుంచి పడితే మొదట విరిగేది ముక్కున సన్నగా పొడుచుకొచ్చే పిటో గొట్టమే (అసలు విమానంలో వేగం కొలవడానికి పనికొచ్చేది). దాన్ని మళ్లీ వంకర లేకుండా అతికించడం ఎంత నరకమో కట్టినవాళ్లకే తెలుసు.