జిప్సీ ఎత్తు పెంచే ముందు కమాన్లు తిరగేసి చూడండి

మా పాత జిప్సీ పాడేరు పైన కాఫీ తోటకి తిరుగుతుంది. కోతల రోజుల్లో వెనక నాలుగైదు బస్తాలు పడతాయి. వానాకాలంలో ట్రాక్టర్లు కోసిన గాళ్లలో బండి అడుగు నేలకి రాసుకునేది. ఖర్చు తక్కువని మొదట పొడవాటి షాకిల్స్, అంటే కమాన్ (బండిని మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) చివరని ఛాసిస్‌కి కలిపే లింకులు, వేయించాను. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే. పైగా ముందు ఇరుసు కోణం మారిపోయి స్టీరింగ్‌కి నిలకడ పోయింది. పిల్లలు వెనక కూర్చుని ఉండగా ఘాట్ మలుపులో బండి పక్కకి లాగినప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. మర్నాడే పీకించేశాను.

కమాన్లు మారిస్తే బాడీ లేస్తుంది గానీ, రాళ్లకి తగిలే డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్య ఉండే గేర్ల గుండు, లేవదు. దాన్ని లేపేది టైరే. 205/70 ఆర్15 తీసి 215/75 ఆర్15 వేస్తే దాదాపు 18 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆ టైరు ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి ఎంత కావాలో అంతే ఎత్తు పెంచండి. రెండంగుళాలు దాటితే ఇరుసుకి శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, బ్రేక్ హోసులు అన్నీ చూసుకోవాలి, చవక అన్న మాటే మిగలదు.

పాత కమాన్లని కొట్టించి వంపు పెంచితే త్వరలోనే మళ్లీ కుంగుతాయి. అదనపు పట్టీ వేస్తే బస్తాలకి బాగుంటుంది, ఖాళీ బండిలో నడుము విరుగుతుంది. డబ్బు పెట్టాల్సింది కొత్త కమాన్ల మీదే. బండి మీద రోజూ ఉండే బరువు ఎంతో షాపులో చెప్పి దానికి తగ్గవి అడగండి.

కొనే ముందు కమాన్ కట్టని చేతిలోకి తీసుకోండి. పైపట్టీ చివర రబ్బరు బుష్ కూర్చునే గుండ్రటి కన్ను ఉంటుంది కదా, రెండో పట్టీ కూడా ఆ కన్ను చుట్టూ మడిచి ఉందా చూడండి. పైపట్టీ విరిగినా ఇరుసు జారిపోకుండా పట్టుకునేది ఆ మడతే. నా దృష్టిలో అది లేని సెట్ ఎంత తక్కువకి వచ్చినా వద్దు.

షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచేస్తే పొడవు చాలదు. చక్రం కిందికి వేలాడినప్పుడు ఇరుసు బరువంతా షాక్ మీదే పడి సీలు పోతుంది, కొన్నిసార్లు బ్రాకెట్టే ఊడుతుంది. కమాన్లతో జతగా, ఆ ఎత్తుకి చేసినవే తీసుకోండి. రాళ్ల దారిలో తిరిగే బండికి ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే రకం) చాలు, ధరా తక్కువ, బయటి గొట్టం కాస్త సొట్టపడినా పనిచేస్తుంది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. కమాన్‌ని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టుల్ని బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకండి. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలి తిరిగి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. ఎత్తు మార్పుకి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఏమంటాయో ముందే ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి.

పని అయ్యాక చక్రం హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి రాసుకోండి. 500 కిలోమీటర్లయ్యాక యూ బోల్టులు మళ్లీ బిగించి, ఆ కొలతలు మరోసారి తీయండి, కమాన్లు ఎంత కుంగాయో తెలుస్తుంది.