స్టెమ్ సెల్ ప్యాకేజీ అంటూ ఫోన్ వస్తే ఏం అడగాలి?

నాన్నకి పార్కిన్సన్స్ వచ్చిన ఏడో ఏడు ఒక క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు) కలిపిన ఒక్క సెలైన్ సీసాతో చేతి వణుకు పోతుందట. మతిమరుపుకీ, మోకాళ్ళకీ, షుగర్‌కీ కూడా అదే సీసా! చొక్కా గుండీలు పెట్టుకోలేక నాన్న పడే అవస్థ చూస్తున్నాను కాబట్టి ఆశపడలేదని చెప్పను. కానీ ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా ముందు ప్రశ్నలు అడుగుతున్నాను.

మొదటిది: "ఏ కణాలు, దేనిగా మార్చి, ఎక్కడ పెడతారు?" చాలామంది ఇక్కడే నీళ్ళు నములుతారు. పార్కిన్సన్స్‌లో చచ్చిపోయేవి డోపమిన్ అనే, కదలికలకి కావలసిన రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు ఐపీఎస్ కణాలని (మామూలు శరీర కణాలని వెనక్కి మార్చి చేసిన మూల కణాలు) డోపమిన్ కణాలయ్యే దశ దాకా పెంచి, ఆపరేషన్ చేసి మెదడులో రెండు వైపులా పెట్టారు. అదీ ఏడుగురికే. రెండేళ్ళు గమనించి 2025లో ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన హాని కనబడలేదు, కొందరికి కదలికలు మెరుగయ్యాయి. కొత్త కణాల మీద శరీరం తిరగబడకుండా వేరే మందులూ వాడారు. ఇప్పుడు కొవ్వులోంచి తీసిన కణాలని చేతి నరానికి ఎక్కిస్తామనే వాళ్ళని చూడండి. అలా ఎక్కించినవి చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి.

"పనిచేసిందని ఎలా తెలిసింది?" అని కూడా అడగండి. పార్కిన్సన్స్‌లో బాగవుతుందన్న నమ్మకానికే మెదడులో డోపమిన్ కాస్త పెరుగుతుంది. అందుకే ఉత్తుత్తి ఆపరేషన్ చేసిన వాళ్ళతో పోల్చి చూస్తారు. లేచి నడిచిన పేషెంటు వీడియో పంపితే నేను చూడటం కూడా మానేశాను.

నానో మందు (అతి సూక్ష్మమైన రేణువుల్లో పెట్టిన మందు) ఇస్తామని ఫోన్ చేస్తే, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ ఎలా దాటుతుందో అడగండి. అలా దాటిందని చూసింది ఎలుకల్లోనా, మనుషుల్లోనా? నానో రేణువుల్లో పెట్టిన పటిసిరాన్ అనే మందుని 2018లో ఒక వంశపారంపర్య నరాల జబ్బుకి అమెరికాలో ఆమోదించారు. నిజమే, కానీ అది పనిచేసేది కాలేయంలో, మెదడులో కాదు.

ఇది ట్రయల్ (మనుషుల మీద చేసే పరీక్ష) అని చెబితే రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్నో దశో తీసుకోండి. నంబరు ఉన్నంత మాత్రాన ఆమోదం ఉన్నట్టు కాదు. కణాలకి మీ దగ్గరే పెద్ద మొత్తం అడిగితే నేనైతే అక్కడే ఫోన్ పెట్టేస్తాను.

నష్టమేముంది అనుకోకండి. పిండం కణాలు ఎక్కించుకున్న ఒక అబ్బాయికి ఆ దాత కణాల నుంచే మెదడులో, వెన్నులో గడ్డలు పెరిగాయని 2009లో వైద్య పత్రికలో వచ్చింది.

ఏ నిర్ణయమైనా న్యూరాలజిస్టుకి చెప్పి తీసుకోండి, రోజూ వేసే మాత్రలు సొంతంగా ఆపకండి. ఇంకో మాట, ఫోన్‌లో ఎవరూ చెప్పనిది: ఒకసారి కణాలు ఎక్కించుకుంటే ఆ తర్వాత వచ్చే అసలైన ట్రయల్స్ చాలావాటిలో చేర్చుకోరు.