ఏడాది కారం ఎర్రగానే ఉండాలంటే

ఎండాకాలంలో పట్టించిన కారం సంక్రాంతికల్లా ఇటుక రంగుకి తిరిగి, మూత తీసినా ఘాటు తగలట్లేదంటే చాలాసార్లు తప్పు మిరపకాయలది కాదు, మనం దాచిన తీరుది. నేను ఒక ఏడాది గాజు సీసాలు ముచ్చటగా ఉన్నాయని కిటికీ పక్కన అరలో పెట్టాను. రెండు నెలలకి సీసా తిప్పి చూస్తే కిటికీ వైపు కారం పాలిపోయి ఉంది, గోడ వైపు మాత్రం ఎర్రగానే ఉంది. ఆ రోజు నుంచి గాజు సీసాలన్నీ తలుపున్న అల్మరాలోనే.

మరకి తీసుకెళ్లే ముందు కాయలు బాగా ఎండాయో లేదో చూసుకోండి. విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకో ఎండ కావాలి. మరలోంచి కారం వేడిగా వస్తుంది, ఆ వేడి మీదే డబ్బాకెత్తి మూత బిగిస్తే లోపల చెమ్మ చేరి ఉండలు కడుతుంది, కాబట్టి పాత నూలు బట్ట మీద నీడలో పలచగా పరిచి (ఫ్యాన్ ఆపేసి!) పూర్తిగా చల్లారాక ఎత్తండి.

అన్నిటికన్నా ముఖ్యం, పట్టించిన కారమంతా ఒకే డబ్బాలో పోసి రోజూ దాన్నే తెరవద్దు. తెరిచిన ప్రతిసారీ గాలి, తేమ లోపలికి పోతాయి. అరకిలో చొప్పున గట్టి కవర్లలో గాలి పోయేలా నొక్కి కట్టి ఫ్రిజ్‌లో పెట్టి, బయట చిన్న సీసాడు మాత్రం ఉంచుకోండి. గుంటూరులో మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీల్లో పెట్టేది రంగు పోకూడదనే కదా. ఫ్రిజ్‌లోంచి తీసిన కవరుని వెంటనే విప్పకండి, పైన పట్టిన చెమట ఆరి మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి.

పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది కాబట్టి అందులో పసుపు, కారం వారానికి సరిపడా చాలు. మరుగుతున్న పప్పుచారు మీద చెంచా పట్టుకుని కారం వేసి, ఆవిరి తగిలిన అదే చెంచాని తిరిగి కారం గిన్నెలో గుచ్చుతాం చూడండి, ముద్ద కట్టేది అక్కడే.

ధనియాలు, జీలకర్ర, మిరియాలు గింజలుగా ఉంటే నెలల తరబడి బాగుంటాయి, పొడి చేస్తే వాసన త్వరగా పోతుంది, అందుకే పదిహేను రోజులకి సరిపడానే కొట్టుకోండి. నువ్వుల పొడి, పల్లీల పొడి, కొబ్బరి పొడిలో నూనె ఉంటుంది, బయట పెడితే ముక్క వాసన వస్తుంది కాబట్టి అవి ఫ్రిజ్‌లోనే. ఇంగువకి వేరే డబ్బా పెట్టకపోతే పక్కనున్నవన్నీ ఇంగువ వాసనే. ఏ పొడికైనా బూజు కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి ఎండబెట్టి వాడొద్దు, మొత్తం పారేయండి, బూజు వదిలే విషం వంటలో ఉడికినా పూర్తిగా పోదు.

అనుమానంగా ఉంటే చిటికెడు అరచేతిలో వేసి రుద్ది వాసన చూడండి. ఏమీ రాకపోతే కొత్తది తీయండి, కానీ పాతదాని మీదే పోయకుండా సీసా కడిగి, ఒక పూట ఎండలో పెట్టి, లోపల తడి లేదని వేలితో తడిమి చూసుకున్నాకే నింపండి.