వెన్నుపాము దెబ్బ పాతదే, ఒంట్లో మార్పు కొత్తది: కారణం ఎక్కడ వెతకాలి?

తాటిచెట్టు మీంచి పడి మా బావ వెన్నుపాముకు డి10 (ఛాతీ భాగంలోని పదో పూస) దగ్గర దెబ్బ తగిలి పదకొండేళ్లు. కొత్తగా ఏ ఇబ్బంది వచ్చినా "పాత దెబ్బే కదా" అని ఊరుకునేవాళ్లం. అలా ఊరుకోకూడదు. దెబ్బ అలాగే ఉన్నా, దాని కింది నరాలు, కండరాలు ఏళ్ల తరబడి మారుతూనే ఉంటాయి.

సమస్య: కాళ్లు ఉన్నట్టుండి ఎక్కువగా బిగుసుకోవడం, ఎగిరిపడటం.

కారణం చాలాసార్లు దెబ్బ కింద, స్పర్శ లేని చోటే ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పిరుదుల మీద పుండు, బిగుతు బట్టలు. నొప్పి మనిషికి తెలియదు గానీ దెబ్బ కింది వెన్నుపాముకు అందుతుంది. బావకు రెండు రాత్రులు నిద్ర లేదు. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు డోసు పెంచమని అడగడానికి బయల్దేరుతూ సాక్సు తొడగబోతే, కుడి బొటనవేలి గోరు పక్కన చీము కనిపించింది. అది నయమయ్యాక కాళ్లు ఎప్పటిలా సర్దుకున్నాయి.

అందుకే మందుకన్నా ముందు నడుము నుంచి వేళ్ల సందుల దాకా చూడండి. బాక్లోఫెన్ మాత్రం హఠాత్తుగా మానొద్దు, ఫిట్స్ రావచ్చు. డి6 లేదా ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లకు విపరీతమైన తలపోటు, చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందేమో. నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, కేథటర్ (మూత్రం గొట్టం) మెలిపడిందేమో చూసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సమస్య: కాళ్లు సన్నబడటం, కండరాలను కదిలించే కరెంటు మెషిన్ పెట్టినా కదలకపోవడం.

దెబ్బ నడుముకు పైభాగంలో ఉంటే వెన్నుపాము నుంచి కండరానికి వెళ్లే నరం బతికే ఉంటుంది. కండరం సన్నబడినా కరెంటుకు స్పందిస్తుంది. త్వరగా అలసిపోయే రకంగా మారిపోయి ఉంటుంది కాబట్టి కొద్ది నిమిషాలతో మొదలుపెట్టాలి. నడుము దగ్గర దెబ్బ తగిలి ఆ నరమే పోతే కండరం క్రమంగా కొవ్వు, పీచుగా మారుతుంది. మామూలు మెషిన్ పనిచేయదు. అప్పు చేసి మెషిన్ కొనేముందు నరాల పరీక్ష, ఈఎంజీ (కండరాల్లో విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష) చేయించండి.

సమస్య: చేతివేళ్ల తిమ్మిరి.

బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లకు రాత్రిపూట వస్తే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టు. చిటికెన వేలికైతే మోచెయ్యి చూడాలి. వీల్‌చెయిర్ తోసి తోసి వచ్చే బాధ ఇది. టైర్లలో గాలి తగ్గనీయొద్దు, చిన్న చిన్న తోపుల బదులు పొడవుగా తోయాలి. మంచం మీదికి మారేటప్పుడు అరచెయ్యి వెనక్కి వంచకుండా అంచు పట్టుకోవాలి. రాత్రి మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ (పట్టీ) వేసుకోవాలి.

తిమ్మిరి చేతి మీదుగా పైకి పాకినా, దగ్గితే నొప్పి వచ్చినా, వేడి చల్లన తెలియకపోయినా అది మణికట్టు సంగతి కాకపోవచ్చు. వెన్నుపాములో నీటితిత్తి పెరుగుతుండవచ్చు. దెబ్బ తగిలిన ఎన్నో ఏళ్లకైనా ఇది రావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలిసి ఎమ్మారై తీయించండి.