బుక్‌మార్కింగ్ సైట్ల ద్వారా తెలుగు బ్లాగుకు పాఠకులను రప్పించుకోవడం

నచ్చిన వెబ్‌పేజీ చిరునామాను కొన్ని ట్యాగులతో (వెతుక్కోవడానికి పెట్టుకునే గుర్తు మాటలతో) కలిపి, నలుగురికీ కనబడేలా ఒక సైటులో దాచిపెట్టడాన్నే సోషల్ బుక్‌మార్కింగ్ అంటారు. 2003లో మొదలైన డెలీషియస్ దీనికి ప్రాచుర్యం తెచ్చింది. ఆ సైటును 2005లో యాహూ కొనుక్కుంది. తర్వాత పలు చేతులు మారి 2017లో అది పిన్‌బోర్డ్ అనే మరో బుక్‌మార్కింగ్ సైటు పరమైంది. ఇలాంటివే అయిన స్టంబుల్‌అపాన్ 2018లోనూ, పాకెట్ 2025లోనూ మూతపడ్డాయి. కాబట్టి ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్న 'ఐదు వందల బుక్‌మార్కింగ్ సైట్ల జాబితా'ల జోలికి పోకండి. డబ్బు తీసుకుని వాటన్నిటిలో మీ లింకు పెడతామనేవారి జోలికి అసలే పోవద్దు. ఇలాంటి సైట్లలో చాలావరకు లింకులకు 'నోఫాలో' గుర్తు, అంటే ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు, ఉంటుంది. 2005లో వచ్చిన ఈ గుర్తును గూగుల్ 2019 నుంచి ఒక సూచనగా మాత్రమే పరిగణిస్తున్నప్పటికీ, అక్కడ లింకులు గుమ్మరించినంత మాత్రాన సెర్చ్ ఫలితాల్లో మీ బ్లాగు పైకి రాదు. మనకు కావలసింది ఆ లింకును నొక్కి, వచ్చి చదివే మనిషి.

ఆ మనిషి ఎక్కడున్నాడో ముందు తేల్చుకోవాలి. ఉదాహరణకు మీరు బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ, ఆంధ్ర, తెలంగాణల నుంచి ఉద్యోగానికి కొత్తగా వచ్చేవారి కోసం అద్దె ఇళ్ల గురించి రాశారనుకుందాం. పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం ఈ ఊరి పాత అలవాటు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులోంచి కొంత కోసుకోవడమూ మామూలే. ఈ విషయం తెలుసుకోవాలనుకునేవారు చర్చల సైటు రెడ్డిట్‌లో బెంగళూరు పేరిట ఉన్న సమూహంలోనూ, తెలుగువాళ్లు కబుర్లాడుకునే సమూహాల్లోనూ దొరుకుతారు. అదే మీరు వంటల గురించో, ముగ్గుల గురించో రాస్తుంటే బొమ్మలతో నడిచే పింటరెస్ట్ మేలు. అక్కడ పెట్టిన పిన్ను (బొమ్మతో కూడిన లింకు) నెలల తర్వాత కూడా వెతుకులాటలో తేలుతూనే ఉంటుంది. వ్యాసాలను మ్యాగజైన్‌లుగా పేర్చుకునే ఫ్లిప్‌బోర్డ్‌ను మూడోదిగా ప్రయత్నించవచ్చు. రెండు సైట్లు శ్రద్ధగా చూసుకోగలిగితే చాలు.

లింకు పెట్టడానికి ముందే పోస్టు చిరునామాను సరిచేసుకోవాలి. తెలుగు బ్లాగర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడేనని నా అభిప్రాయం. శీర్షిక తెలుగులో ఉంటే గూగుల్ వారి బ్లాగర్ సర్వీసు దానిని వదిలేసి చిరునామాలో 'బ్లాగ్-పోస్ట్' అని మాత్రమే పెడుతుంది. అది చూసి లోపల ఏముందో ఎవరూ ఊహించలేరు. వర్డ్‌ప్రెస్ తెలుగునే ఉంచుతుంది గాని, కాపీ చేసి వేరేచోట అతికించినప్పుడు ఒక్కొక్క తెలుగు గుర్తు శాతం గుర్తులతో (%) నిండిన తొమ్మిది అక్షరాల సంకేతంగా విడిపోతుంది. 'మారతహళ్లి' అన్న ఒక్క మాటే 81 అక్షరాలవుతుంది! అందుచేత ప్రచురించే ముందే చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో, మూడు నాలుగు మాటల్లో మీరే రాసుకోండి. బ్లాగర్‌లో దీనికి పోస్టు సెట్టింగ్స్‌లో పర్మాలింక్ అనే చోటుంది. పొడుగ్గా ఉంది కదా అని లింకు కుదించే సర్వీసులను వాడకండి. చాలా సమూహాలు అలాంటి లింకులను స్పామ్‌గా భావించి తీసేస్తాయి.

ట్యాగులు పాఠకుడు వెతికే మాటల్లో ఉండాలి. 'నగర జీవనం', 'అనుభవాలు' వంటి ట్యాగులతో ఎవరూ వెతకరు. 'బెంగళూరు అద్దె', 'అడ్వాన్సు', 'మారతహళ్లి పీజీ' వంటివి తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు లిపిలోనూ ఇవ్వండి, ఎందుకంటే తెలుగులో చదివేవారిలో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు. లింకుతో పాటు కనబడే బొమ్మను 1200 × 630 పిక్సెళ్లలో పెడితే ఎక్కువ సైట్లలో అంచులు తెగకుండా వస్తుంది.

రెడ్డిట్‌లో ఖాతా తెరిచిన రోజే సొంత లింకు పెట్టేవాడు పెళ్లి పందిట్లో అడుగుపెడుతూనే విజిటింగ్ కార్డులు పంచేవాడితో సమానం. చాలా సమూహాల్లో కొత్త ఖాతాల పోస్టులను సాఫ్ట్‌వేరే ఆపేస్తుంది. ముందుగా ఆ సమూహం నియమాలు చదివి, కొన్ని వారాల పాటు ఇతరుల ప్రశ్నలకు జవాబులివ్వండి. మీరు పెట్టేవాటిలో పదింట ఒకటికి మించి సొంత లింకు ఉండకూడదన్నది అక్కడ పాతకాలం నుంచీ ఉన్న మర్యాద. ఎవరైనా అడ్వాన్సు సంగతి అడిగినప్పుడు, అగ్రిమెంటులో పెయింటింగ్ కోత ఎంతో అంకెల్లో రాయించుకోవాలన్న అసలు సలహాను జవాబులోనే చెప్పేసి, మిగతా వివరాల కోసం మాత్రమే లింకు ఇవ్వాలి.

ఏ సైటు నుంచి ఎంతమంది వచ్చారో తెలియాలంటే లింకు చివర యూటీఎం ట్యాగులు (ఆ లింకును ఏ సైటులో పెట్టారో చెప్పే గుర్తులు) చేర్చి, గూగుల్ అనలిటిక్స్‌లో ట్రాఫిక్ అక్విజిషన్ నివేదిక చూడండి. వచ్చినవారి సంఖ్య కంటే వారు పేజీపై గడిపిన సగటు సమయానికి విలువ ఇవ్వండి. ఒక్కరోజులో పోటెత్తి, వచ్చినవారు వచ్చినట్టే వెనుదిరిగే సైటు మీద మళ్లీ శ్రమ పెట్టనక్కరలేదు.

బ్లాగును కొత్త డొమైన్‌కు మార్చినా, పాత పోస్టు చిరునామా సవరించినా పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే 301 రీడైరెక్టు తప్పక పెట్టాలి. బ్లాగర్ సెట్టింగ్స్‌లోనే ఈ వీలుంది, వర్డ్‌ప్రెస్‌లో రీడైరెక్షన్ అనే ప్లగిన్ సరిపోతుంది. లేకపోతే ఎవరెవరో ఏళ్ల కిందట దాచుకున్న బుక్‌మార్కులన్నీ 'పేజీ దొరకలేదు' అనే 404 పేజీకి చేరతాయి.