బండిలో సైకిళ్లు – మూడో పాఠం: బురద లోపలికి రావచ్చు, నీళ్లు కిందికి దిగకూడదు

పోయిన పాఠంలో సైకిళ్లు పెట్టడానికి కారు వెనక సీట్లు మడిచి, లోపలి పొడవు, వెడల్పు, వెనక తలుపు దగ్గర ఎత్తు టేపుతో కొలిచి ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి.

తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. సైకిలు తొక్కడానికి చల్లగా, హాయిగా ఉండేదీ అప్పుడే, బాటలన్నీ బురదయ్యేదీ అప్పుడే. చంద్రగిరి చుట్టూ చెరువు కట్టల మీద గంటసేపు తొక్కితే చాలు, చక్రానికీ, దాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుకీ మధ్య ఎర్రమట్టి ముద్ద కట్టేస్తుంది. (అడవి లోపలి దారుల సంగతి వేరు. అటవీ శాఖ అనుమతి లేకుండా అటు పోవద్దు.) ఆ సైకిళ్లు ఎక్కించేది ఏ ట్రాలీలోనో కాదు, ఇంటి బండిలో. సాయంత్రం అదే ఈకోలోనో ఎర్టిగాలోనో అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని తిరుచానూరు గుడికి రావాలి. "ఏం నాయనా, బండిలో దుక్కి దున్నినారా?" అని అడిగించుకోకుండా ఉండటమే ఈ పాఠం లక్ష్యం.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతా పనంతా సులువు. బండిని పాడుచేసేది మట్టి కాదు, మట్టిని మోసుకుపోయే నీళ్లు. మన ఎర్రమట్టికి ఆ రంగు ఇనుప ఆక్సైడు వల్ల వచ్చింది. అది నీళ్లలో కరిగే రంగు కాదు, సన్నటి రేణువు. ఎండిన రేణువు పైపైనే ఉంటుంది, దులిపితే పోతుంది. తడిసిన రేణువు నీళ్లతో పాటు సీటు గుడ్డలోకీ, కార్పెట్ నూలులోకీ దిగి అక్కడే ఎండిపోతుంది. బ్లీచింగ్ వేసినా ఇనుప రంగు పోదు, సీటు రంగు పోతుంది. కాబట్టి మనం బురదకు భయపడక్కర్లేదు, తడికి మాత్రం ఎక్కడికక్కడ అడ్డం కట్టాలి.

ఇందుకు మూడు పొరలు చాలు. అడుగున మెత్తటిది, మధ్యలో నీళ్లు దిగనిది, పైన నీళ్లు పీల్చేది. చాలామంది టార్పాలిన్ ఒక్కటే పరిచి ఊరుకుంటారు. నిలబెట్టిన బండిలో అది బాగానే పనిచేస్తుంది. తలకోన నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తిరిగి వస్తుంటే మాత్రం ప్రతి మలుపులోనూ ఆ నీళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోతాయి. బ్రేకు వేస్తే ముందుకొచ్చి డ్రైవరు సీటు కిందికి చేరతాయి. టార్పాలిన్ మీద పీల్చే పొర లేకపోతే, టార్పాలిన్ కూడా నీళ్లకు కాలవే.

అడుగు పొరకు పాత బొంత, జంపకానా, మందపాటి అట్ట, ఏదైనా సరే. పెడల్ గుచ్చుకున్నా టార్పాలిన్ చిరగకుండా అది కాస్తుంది. రెండో పొర టార్పాలిన్. అంగడిలో దాని మందాన్ని జీఎస్ఎం అంటారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క. వంద లోపుది పెడల్ పళ్లకు ఆగదు. నూటయాభై పైది అడగండి. కొలతకు మీ కాగితం చూడండి: నేల పొడవుకూ వెడల్పుకూ నాలుగు వైపులా ఒక్కో అడుగు కలపాలి. లోపల అయిదడుగులు నాలుగడుగులు ఉంటే టార్పాలిన్ ఏడడుగులు ఆరడుగులు. అంతకంటే పెద్దది దొరికితే కోయకండి, మడిచి రెండు వరసలు చేయండి. మూడో పొరకు గోనె సంచులు విప్పి పరిస్తే వాటికి మించింది లేదు. ప్లాస్టిక్ యూరియా సంచులు పీల్చవు, అవి వద్దు. అమ్మే రెడీమేడ్ డిక్కీ ట్రేలు మంచివే కానీ, సీట్లు మడిచిన జాగా మొత్తానికీ సరిపోయేవి అరుదు. డబ్బు అక్కడ పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక అంచులు. ఏసీ మెకానిక్కులు రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోము గొట్టం చూసే ఉంటారు. దాన్ని టార్పాలిన్ అంచు కింద నాలుగు వైపులా పెడితే, అంచు తాంబాళంలా పైకి లేచి ఉంటుంది. మిగిలిన ముక్కను పొడుగ్గా చీల్చి సైకిలు ఫ్రేముకు తొడగండి, గీతలు పడవు. వెనక తలుపు వైపు మాత్రం ఒక అడుగు టార్పాలిన్ అదనంగా వదిలి, ఎక్కించేటప్పుడు బంపరు మీదికి వేలాడేయాలి. బంపరు పెయింటు గీసుకుపోయేది ఎక్కువగా అక్కడే. తలుపు వేసేముందు ఆ ముక్కను లోపలికి మడవడం మరవకండి, లేకపోతే వాన నీళ్లు దాన్ని పట్టుకుని లోపలికి వస్తాయి.

ఈ పొరలన్నీ ఇంటి దగ్గరే, పొద్దున బయలుదేరకముందే వేయాలి. బురద చేతులతో, ఆకలితో, చీకటి పడుతుంటే ఎవరూ సరిగా పరవరు.

మరికొన్ని చోట్లు మనం మామూలుగా మరిచిపోతాం. సీటు బెల్టు బకిల్‌లోకి ఇసుక పోతే క్లిక్ సరిగా పడదు. ప్రతి బకిల్‌కూ ఒక పాత సాక్సు తొడగండి. సీటు జరిపే పట్టాలలో మట్టి పడితే గరగరమంటుంది, అక్కడ గుడ్డ చుట్టి పెట్టండి. పైకప్పు గుడ్డకు హ్యాండిల్ తగిలే చోట హ్యాండిల్‌కే పాలిథిన్ సంచి కట్టండి. ఆ గుడ్డ వెనక ఫోము, జిగురు ఉంటాయి. మరక పడిందని తడిపి రుద్దితే జిగురు వదిలి గుడ్డ కిందికి వేలాడుతుంది.

తొక్కడం అయ్యాక ఎక్కించేముందు పది నిమిషాలు ఆగండి. రెండు చక్రాలూ ఒకసారి నేలకు తాటించి, ముద్దలు రాలాక, ఒక పుల్లతో ఫోర్కు దగ్గరా బ్రేకుల దగ్గరా గీకేయండి. తరవాత గోనెగుడ్డతో టైర్లు తుడవండి. బాటిల్ నీళ్లు పోసి కడగబోకండి. ఒక బాటిల్‌తో సైకిలు శుభ్రపడదు, బండిలోకి నీళ్లు మాత్రం వస్తాయి. దారిలో వాటర్ సర్వీసింగ్ వాళ్ల దగ్గర ప్రెషర్‌తో కడిగించడం అంతకంటే చెడ్డది. ఆ ధార నేరుగా చక్రాల నడుమ ఉండే హబ్బులకూ పెడల్ ఇరుసుకూ తగిలితే బేరింగుల్లోకి నీళ్లు చేరి గ్రీజు పాడవుతుంది. డిస్క్ బ్రేకులైతే దిగుడు దిగిన వెంటనే చక్రం మధ్యనుండే ఆ గుండ్రటి రేకు చేత్తో ముట్టుకోవద్దు, కాలుతుంది.

ముందు చక్రం విప్పితే జాగా మిగులుతుంది. దాన్ని పాత దుప్పటిలో మూట కట్టేయండి. బురదలో సగం చక్రాలతోనే వస్తుంది కదా. డిస్క్ బ్రేకు ఉంటే ఆ రేకును నొక్కే ప్యాడ్ల మధ్య ఒక అట్టముక్క దూర్చండి. చక్రం లేనప్పుడు పిల్లలు బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చి, తిరిగి చక్రం ఎక్కదు.

ఎత్తు సరిపోతే సైకిలును నిలబెట్టే తీసుకెళ్లండి. బురద నేరుగా కింద గోనె మీదే రాలుతుంది. సరిపోకపోతే సీటు దించి చూడండి, దించేముందు రాడ్డు మీద టేపుతో గుర్తు పెట్టుకోండి. అప్పటికీ కుదరకపోతేనే పడుకోబెట్టాలి. గొలుసు ఉండేది కుడి వైపు కాబట్టి ఎడమ వైపు కిందికి, గొలుసు పైకి. రెండో సైకిలు తల తోక మార్చి, మధ్యలో దుప్పటి వేసి పెట్టాలి. కింద పడే ఎడమ పెడల్ విప్పుకుంటే ఇంకా మేలు. చాలా సైకిళ్లకు 15 నంబరు స్పానరు సరిపోతుంది. ఎడమ పెడల్ మర వ్యతిరేకంగా ఉంటుంది. దాని ఎదురుగా నిలబడి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. అటూ ఇటూ బలం చూపించి మర పాడుచేసుకోకండి.

గొలుసుకు పాత జీన్సు కాలు ఒకటి కత్తిరించి చుట్టండి. బురద మరక కన్నా గొలుసు నల్లటి జిడ్డు మొండిది, దాని సంగతి వచ్చే పాఠంలో.

కట్టేటప్పుడు తాడు నేల మీది కొక్కేలకో సీటు ఇనుప కాళ్లకో వేయండి, సీటు బెల్టులకు కాదు. కట్టని సైకిలు గట్టిగా బ్రేకు వేస్తే ముందున్నవాళ్ల మీదికి వచ్చి పడుతుంది. సైకిళ్ల పక్కన పిల్లల్ని ఇరికించి కూర్చోబెట్టవద్దు. మనుషులందరికీ బెల్టు ఉన్న సీటు మిగలకపోతే ఒక సైకిలు తగ్గించుకోండి.

ఇల్లు చేరాక ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే సైకిళ్లు దించి, టార్పాలిన్ నాలుగు మూలలూ కలిపి ఎత్తి, మట్టిని పెరట్లో పారబోయండి. అడుగు పొర తీసి కార్పెట్‌ను అరచేత్తో నొక్కి చూడండి. చెమ్మ తగిలితే పాత పేపర్లు ఒత్తి, మార్చి మళ్లీ ఒత్తి, మర్నాడు తలుపులు తెరిచి ఎండలో పెట్టాలి. ఆ చెమ్మ అడుగునే ఉండిపోతే వాసన మొదలవుతుంది, ఆ వాసన ఏ సెంటుతోనూ పోదు. ఇంత చేసినా సీటు మీద ఒక చుక్క బురద పడిందనుకోండి, టెన్షన్ పడి తడిగుడ్డ తేకండి. పూర్తిగా ఎండనిచ్చి, మెత్తటి బ్రష్‌తో దులిపి, మిగిలిందాన్ని వ్యాక్యూమ్‌తో లాగేయండి. అప్పుడూ మచ్చ కనిపిస్తే కాస్త సబ్బు నురగ అద్ది, పొడిగుడ్డతో ఒత్తండి, రుద్దకండి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: మూడు పొరలూ పరిచి, సైకిళ్లు లేకుండానే రెండు గ్లాసుల నీళ్లు గోనె మీద పోయండి. బండి తీసి మీ వీధుల్లో నాలుగు మలుపులు తిప్పండి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి కాస్త గట్టిగా బ్రేకు వేయండి. వచ్చాక అంచులు ఎత్తి కింద తడిమి చూడండి. తడి తగిలిన మూల దగ్గర ఫోము గొట్టం రెండు వరసలు వేసి మళ్లీ నీళ్లు పోయండి.